కుంకుడుకాయ నుంచి కొలువు దాకా!

సబ్బు, షాంపూ, ఫేస్‌వాష్, ఫ్లోర్ క్లీనర్.. వీటికి బదులు ఇంట్లో చేసినవి వాడాలని చాలామంది యువతకు అనిపిస్తోంది. కొందరికి అది ఖర్చు తగ్గించే మార్గం, కొందరికి చర్మం గురించిన జాగ్రత్త, ఇంకొందరికి రేపటి సొంత వ్యాపారం. ఈ మార్పులో ఏది పనిచేస్తుంది, ఏది ప్రమాదం, ఏది ఉపాధికి దారి తీస్తుందో తెలుసుకుందాం.

డిగ్రీ చేతికొచ్చింది. నోటిఫికేషన్ ఇంకా రాలేదు. కోచింగ్ ఫీజు, రూమ్ అద్దె, మెస్ బిల్లు కట్టేసరికి ఇంటి నుంచి వచ్చిన డబ్బు అయిపోతుంది. అప్పుడు కళ్లు చిన్న ఖర్చుల మీద పడతాయి. షాంపూ ఎందుకు, కుంకుడుకాయ ఉందిగా! ఫేస్‌వాష్ ఎందుకు, శనగపిండి చాలదా! ఫోన్ తెరిస్తే చాలు.. ‘ఈ మూడూ కలిపితే బాత్రూమ్ తళతళ’ అంటూ వీడియోలు. ఇంట్లో సబ్బులు చేసి లక్షలు సంపాదించండని మరికొన్ని.

వీటిలో నిజం కొంత ఉంది. అపోహలు ఇంకా ఎక్కువే ఉన్నాయి. వాటిని వేరు చేయడానికి కావాల్సిన జ్ఞానం చాలావరకు మీ ఇంటర్ కెమిస్ట్రీ పుస్తకంలోనే ఉంది. ఆమ్లం, క్షారం, పీహెచ్, తలతన్యత.. పరీక్ష కోసం బట్టీ పట్టిన ఈ మాటలన్నీ మీ బాత్రూమ్ షెల్ఫ్ మీదే ఉన్నాయి.

ముందు జేబు లెక్క

సహజమైనదంటే చవకే అనుకుంటాం. ఎప్పుడూ అలా ఉండదు. వస్తువు ధర కాకుండా ఒక్కసారి వాడకానికి ఎంతవుతుందో చూడాలి. ధరను ఎన్నిసార్లు వాడామో దానితో భాగిస్తే సరి.

ఉదాహరణకు కిలో కుంకుడుకాయలు 200 రూపాయలు అనుకుందాం. ఒక్కో తలస్నానానికి 25 గ్రాములు పడితే కిలో 40 సార్లకు వస్తుంది. అంటే సారికి 5 రూపాయలు. రూపాయి సాచెట్ ఒకటి సరిపోయే పొట్టి జుట్టువారికి ఇది ఆదా కానే కాదు! పెద్ద జడ ఉండి ఖరీదైన షాంపూ, కండిషనర్ రెండూ కొనేవారికి మాత్రం తేడా కనిపిస్తుంది. ఇంట్లోనో పొలం గట్టునో కుంకుడు చెట్టుంటే ఇక చెప్పక్కర్లేదు.

అసలు ఆదా వేరేచోట ఉంది. అద్దాలకు ఒకటి, కుళాయిలకు ఒకటి, గచ్చుకు ఒకటి, కెటిల్‌కు ఒకటి.. ఇలా పనికో సీసా కొంటాం. వీటిలో చాలావాటి పని రెండు మూడు చవకైన దినుసులతో అయిపోతుంది. కాబట్టి మార్పును అక్కడ మొదలుపెట్టడం తెలివైన పని. మీ ఊరి ధరలతో ఒక నెల లెక్క రాసుకోండి. అది జేబుకే కాదు, తర్వాత ఇంటర్వ్యూలో కూడా అక్కరకొస్తుంది. ఎలాగో చివర్లో చూద్దాం.

నాయనమ్మ చేతిలో కెమిస్ట్రీ

కుంకుడు: ఈ చెట్టు శాస్త్రీయ నామం ‘సపిండస్’. భారతదేశపు సబ్బు అన్న అర్థం వచ్చే లాటిన్ మాటల నుంచి ఆ పేరు పుట్టింది. కాయ పైతోలులో సపోనిన్లు ఉంటాయి. వీటి అణువులో ఒక భాగం నీటితో, మరో భాగం జిడ్డుతో కలుస్తుంది. అందుకే నురగ వస్తుంది, నూనె వదులుతుంది. సాధారణ సబ్బు కఠిన జలంలో కాల్షియంతో కలిసి తెట్టు కడుతుంది. కుంకుడు రసంతో ఆ ఇబ్బంది ఉండదు. బోరు నీళ్లున్న హాస్టళ్లలో ఇది మంచి సుగుణం.

వాడకం తెలిసిందే. గింజ తీసిన ఎనిమిది, పది కాయల్ని వేడినీళ్లలో నానబెట్టి, చేత్తో పిసికి, గుడ్డలో వడకట్టాలి. హాస్టల్లో పొయ్యి లేకపోయినా కెటిల్ నీళ్లు చాలు. రసం కంట్లో పడితే భగ్గున మండుతుంది, వెంటనే మంచినీళ్లతో కడుక్కోవాలి. ఏ రోజు రసం ఆ రోజే వాడాలి. నిల్వ ఉంటే పులిసిపోతుంది. పట్టుచీరలకూ ఇది మంచిది. పట్టు ఒక ప్రొటీన్. ఘాటైన క్షారం దాన్ని దెబ్బతీస్తుంది, కుంకుడు రసం అలా చేయదు.

శీకాయ: ఇందులోనూ సపోనిన్లే. నురగ తక్కువ. కాస్త ఆమ్ల గుణం ఉండటంతో వెంట్రుకలు గరుకెక్కవు. జుట్టు పొడిగా ఉండేవారికి కుంకుడు కంటే ఇది నయం.

సున్నిపిండి: పెసలు, శనగపప్పు, బియ్యం, కొద్దిగా పసుపు కలిపి పట్టించిన పిండి. ఇది నూనెను పీల్చుకుని, మెల్లగా రుద్ది మురికి తీస్తుంది. మన చర్మం పీహెచ్ సుమారు 5, అంటే స్వల్పంగా ఆమ్లం. సబ్బు పీహెచ్ 9 నుంచి 10 ఉంటుంది. సబ్బుతో చర్మం లాగినట్టు అనిపించడానికి ఇదొక కారణం. సున్నిపిండి అంత క్షారం కాదు. కానీ బరకగా ఉన్న పిండితో మొటిమల మీద గట్టిగా రుద్దితే పుండు పడుతుంది. మెత్తగా పట్టించుకోవాలి, తడి తగలని డబ్బాలో దాచుకోవాలి.

చింతపండు, నిమ్మ ఉప్పు: ఇత్తడి, రాగి చెంబుల్ని చింతపండుతో తోమితే ఎందుకు మెరుస్తాయి? వాటిపై పేరుకున్న ఆక్సైడ్ పొరను చింతపండులోని ఆమ్లం కరిగిస్తుంది కాబట్టి. కుళాయి మీదా, కెటిల్ అడుగునా పేరుకునే తెల్లటి పెచ్చు ఎక్కువగా కాల్షియం కార్బొనేట్. దానికి కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, చక్కటి మందు. అర లీటరు నీళ్లలో ఒక చెంచా వేసి కెటిల్‌లో వేడిచేసి, పావుగంట ఆగి పారబోసి, రెండుసార్లు మంచినీళ్లతో కడిగితే చాలు.

ఒక్క జాగ్రత్త. మీ గదిలో గచ్చు ఏ రాయో చూసుకోండి. తాండూరు బండలు, కడప బండలు సున్నపురాయి జాతివి. పాలరాయీ కాల్షియం కార్బొనేటే. వీటిపై నిమ్మరసం, వెనిగర్ పోస్తే రాయే కరుగుతుంది, మెరుపు పోతుంది. గ్రానైట్, సిరామిక్ టైల్స్‌కు ఆ భయం అంతగా లేదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోత పడకూడదంటే ఇది గుర్తుండాలి!

బట్టల సోడా, వంట సోడా: రెండూ ఒకటి కాదు. బట్టల సోడా సోడియం కార్బొనేట్, ఘాటైన క్షారం. జిడ్డు పట్టిన పొయ్యి గట్టుకు, మసిగుడ్డలకు బాగుంటుంది. చేతికి తొడుగు వేసుకోవాలి. ఒకప్పుడు రజకులు బట్టలకు వాడిన చౌడుమట్టిలో ఉన్నదీ ఇలాంటి సోడా లవణాలే. వంట సోడా సోడియం బైకార్బొనేట్. మెత్తటిది. సింకు రుద్దడానికి, ఫ్రిజ్‌లో వాసన పోవడానికి పనికొస్తుంది.

వైరల్ చిట్కాల్లో నిజమెంత?

వంట సోడా, వెనిగర్ కలిపితే బ్రహ్మాండమైన క్లీనర్: బుసబుసా పొంగుతుంది కాబట్టి అలా అనిపిస్తుంది. ఆమ్లం, క్షారం కలిస్తే తటస్థీకరణ జరుగుతుందని పదో తరగతిలోనే చదివాం. పొంగు ఆగాక మిగిలేది కార్బన్ డయాక్సైడ్ పోయిన నీళ్లు, కొంచెం సోడియం అసిటేట్. రెండింటి బలమూ పోయినట్టే. విడివిడిగా వాడితేనే ప్రయోజనం. ముందు సోడాతో రుద్ది కడిగేసి, పెచ్చు ఉన్నచోట తర్వాత వెనిగర్ వాడొచ్చు.

ముఖానికి నిమ్మరసం రాస్తే తెల్లబడతారు: నిమ్మరసం పీహెచ్ సుమారు 2. పైగా నిమ్మ జాతి రసం చర్మంపై ఉండగా ఎండలోకి వెళితే బొబ్బలు, నల్లమచ్చలు రావచ్చు. ఇంటర్వ్యూకి ముందు రోజు ఇలాంటి ప్రయోగం అసలే వద్దు.

బొగ్గుపొడి, ఉప్పు, నిమ్మరసంతో పళ్లు తెల్లన: గరుకు పొడి ఎనామిల్‌ను అరగదీస్తుంది, ఆమ్లం దాన్ని మెత్తబరుస్తుంది. పోయిన ఎనామిల్ మళ్లీ పెరగదు. ఇంట్లో చేసుకోకూడని వాటిలో టూత్‌పేస్ట్ ఒకటి. పుచ్చు రాకుండా కాపాడే ఫ్లోరైడ్ మన వంటింట్లో ఉండదు.

కొబ్బరినూనే సన్‌స్క్రీన్: చర్మానికి తేమనిస్తుంది, నిజమే. ఎండ నుంచి కాపాడే శక్తి మాత్రం చాలా తక్కువ. ఫీల్డ్ ఉద్యోగాలు చేసేవారు, గ్రౌండ్‌లో కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు సాధన చేసేవారు దీన్ని నమ్ముకోకూడదు.

పళ్ల తొక్కల బయో ఎంజైమ్ అన్ని క్రిములనూ చంపుతుంది: ఒక పాలు బెల్లం, మూడు పాళ్లు బత్తాయి లేదా నిమ్మ తొక్కలు, పది పాళ్లు నీళ్లు కలిపి మూడు నెలలు పులియబెడతారు. వచ్చేది ఆమ్ల గుణమున్న ద్రవం. గచ్చు తుడవడానికి, సింకు వాసన పోవడానికి బాగానే ఉంటుంది. జబ్బుపడిన మనిషి గదికీ, టాయిలెట్‌కూ క్రిమిసంహారిణిగా దీన్ని నమ్మకూడదు. మొదటి నెలలో రోజూ మూత వదులు చేసి గ్యాస్ వదలకపోతే సీసా పగిలే ప్రమాదమూ ఉంది. గాజు సీసా బదులు ప్లాస్టిక్ సీసా వాడాలి.

ఈ గీత దాటొద్దు

- బ్లీచ్‌తో ఏదీ కలపొద్దు. బ్లీచింగ్ ద్రావణంలో టాయిలెట్ క్లీనర్, వెనిగర్, నిమ్మ ఉప్పు లాంటి ఏ ఆమ్లం పడినా క్లోరిన్ వాయువు వస్తుంది. అమోనియా ఉన్న క్లీనర్ కలిపితే క్లోరమైన్లు పుడతాయి. కిటికీ లేని హాస్టల్ బాత్రూమ్‌లో ఇది ప్రాణాల మీదకు తెస్తుంది. ఘాటు వాసన వస్తే శుభ్రం చేయడం ఆపి ముందు బయటికి రండి.
- నీళ్లు కలిసిన క్రీములు దాచొద్దు. కలబంద గుజ్జు, రోజ్‌వాటర్, పెరుగు లాంటివి ఉన్న ఏ మిశ్రమంలోనైనా కొద్ది రోజుల్లోనే బ్యాక్టీరియా, బూజు పెరుగుతాయి. కంటికి కనిపించకముందే పెరుగుతాయి. అప్పటికప్పుడు చేసుకుని వాడేయాలి.
- కొత్తది నేరుగా ముఖానికి రాయొద్దు. మోచేతి మడత దగ్గర కొంచెం రాసి ఒకటి రెండు రోజులు చూడాలి. పసుపు, ఎసెన్షియల్ ఆయిల్స్ కూడా కొందరికి పడవు.
- తాగునీటి సీసాల్లో క్లీనర్లు పోయొద్దు. రూమ్మేట్ మంచినీళ్లనుకుని తాగితే? వేరే సీసా వాడి, పేరు, తేదీ రాసిన చీటీ అతికించాలి.
- కుంకుడు రసం చెరువుల్లో పోయొద్దు. సపోనిన్లు చేపలకు విషం. చేపలు పట్టడానికి వీటిని వాడే అలవాటు కొన్ని ప్రాంతాల్లో పాతకాలం నుంచీ ఉంది. ‘సహజం’ అన్నంత మాత్రాన ‘హాని లేదు’ అని కాదనడానికి ఇదే రుజువు.

‘కెమికల్స్ లేని సబ్బు’ ఉందా?

లేదు. నీరు కూడా కెమికలే! నూనె, సోడియం హైడ్రాక్సైడ్ కలిస్తేనే సబ్బు, దాంతోపాటు గ్లిజరిన్ వస్తాయి. దీన్నే సాపోనిఫికేషన్ అంటారు. ‘చేత్తో చేసిన సహజ సబ్బు’ అయినా పుట్టింది ఈ కాస్టిక్ సోడాతోనే. చర్య పూర్తయ్యాక సబ్బులో అది మిగలకుండా లెక్క కట్టడమే తయారీదారు నైపుణ్యం.

ఆ లెక్క ఎలా ఉంటుందో చూడండి. గ్రాము కొబ్బరినూనెకు సుమారు 0.183 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ కావాలి. 500 గ్రాముల నూనెకు 91.5 గ్రాములు. చర్మానికి మెత్తగా ఉండేందుకు 5 శాతం తగ్గిస్తారు, అంటే సుమారు 87 గ్రాములు. పది గ్రాములు ఎక్కువ పడితే ఆ సబ్బు చర్మాన్ని కాలుస్తుంది. వేరే నూనె వాడితే అంకె మారిపోతుంది. అందుకే ‘రెండు గరిటెలు, మూడు చెంచాలు’ అని చెప్పే వీడియోలను నమ్మకూడదు. కాస్టిక్‌ను నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి, కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు. అల్యూమినియం గిన్నె వాడితే హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. కళ్లద్దాలు, తొడుగులు, గాలి ఆడే చోటు తప్పనిసరి. ఇలా చేసిన సబ్బును నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెట్టాలి. ఇది హాస్టల్ గదిలో చేసే పని కాదు. నేర్చుకోవాలనుంటే శిక్షణ కేంద్రంలోనో, కాలేజీ ల్యాబ్‌లో లెక్చరర్ ఎదుటనో చేయండి.

కొనే సబ్బునూ చదివి కొనండి. లేబుల్ మీద టీఎఫ్‌ఎం అని ఉంటుంది. మొత్తం కొవ్వు పదార్థం అన్నమాట. భారతీయ ప్రమాణం ఐఎస్ 2888 ప్రకారం టాయిలెట్ సబ్బు మొదటి గ్రేడ్‌కు కనీసం 76 శాతం, రెండో గ్రేడ్‌కు 70, మూడో గ్రేడ్‌కు 60 శాతం ఉండాలి. రేపర్ మీద ఆకులు, పూల బొమ్మల కంటే ఈ ఒక్క అంకె ఎక్కువ సంగతి చెబుతుంది.

ఇంట్లోంచి పరిశ్రమ దాకా

1969లో అహ్మదాబాద్‌లో రసాయనశాస్త్ర పట్టభద్రుడైన కర్సన్‌భాయ్ పటేల్ ప్రభుత్వ ఉద్యోగం చేస్తూనే ఇంటి దగ్గర డిటర్జెంట్ పొడి తయారుచేసి, సైకిల్ మీద ఇంటింటికీ తిరిగి అమ్మారు. అదే నిర్మా. 1983లో తమిళనాడులోని కడలూరులో సి.కె.రంగనాథన్ 15 వేల రూపాయలతో చిక్ షాంపూ మొదలుపెట్టారు. ఆ సంస్థే తర్వాత కావిన్‌కేర్ అయింది. శీకాయను మీరా పేరుతో ప్యాకెట్లలోకి తెచ్చిందీ అదే. మైసూర్ సాండల్ సబ్బుకు ఒక రూపం ఇచ్చిన ఎస్.జి.శాస్త్రిని అప్పటి మైసూరు సంస్థానం ఇంగ్లండ్ పంపి చదివించింది. దినుసు మన దగ్గరే ఉన్నా, దాన్ని సరుకుగా మార్చే చదువు కావాలని ఆ రోజుల్లోనే గుర్తించారు.

మన దగ్గరా దినుసుకు కొదవ లేదు. విశాఖపట్నం కేంద్రంగా 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, మన్యంలో గిరిజనులు సేకరించే కుంకుడు, శీకాయ, చింతపండు, తేనె కొని అమ్ముతోంది. దినుసుకూ సరుకుకూ మధ్య ఉన్న దూరంలోనే ఉద్యోగాలున్నాయి.

అమ్మాలనుకుంటే చట్టం ఏమంటోంది?

మీ కోసం, మీ ఇంట్లోవాళ్ల కోసం చేసుకోవడం వేరు. పది రూపాయలకైనా అమ్మడం వేరు. ఇక్కడే చాలామంది ఇబ్బందిలో పడుతున్నారు.

సౌందర్య ఉత్పత్తుల లైసెన్సు: సబ్బు, షాంపూ, సున్నిపిండి, లిప్‌బామ్.. శరీరాన్ని శుభ్రం చేయడానికో అందం కోసమో వాడేవన్నీ ఔషధ, సౌందర్య ఉత్పత్తుల చట్టం 1940, సౌందర్య ఉత్పత్తుల నియమాలు 2020 పరిధిలోకి వస్తాయి. అమ్మకానికి తయారుచేయాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం లైసెన్సు కావాలి. తగిన స్థలం, పరికరాలు, అర్హత ఉన్న సాంకేతిక సిబ్బంది చూపించాలి. ఆయుర్వేద ఉత్పత్తి అని అమ్మాలంటే ఆయుష్ విభాగం లైసెన్సు వేరే. ఇన్‌స్టాలో పేజీ తెరిచి అమ్మేయడం ఎంత తేలికైనా, లైసెన్సు లేకపోతే అది చట్ట ఉల్లంఘనే.

పెట్టుబడి లేనివారికి దారి: లైసెన్సు ఉన్న తయారీదారు దగ్గర మీ ఫార్ములాతో తయారు చేయించుకుని మీ బ్రాండ్‌తో అమ్మే పద్ధతి ఉంది. చాలా కొత్త బ్రాండ్లు ఇలాగే మొదలయ్యాయి.

లేబుల్: ప్యాకెట్ సరుకుల తూనికల కొలతల నియమాలు 2011 ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర, తయారైన నెల, సంవత్సరం, ఫిర్యాదుల కోసం సంప్రదించాల్సిన వివరాలు ఉండాలి. సౌందర్య ఉత్పత్తులకు బ్యాచ్ నంబరు, లైసెన్సు నంబరు, దినుసుల జాబితా, ఎప్పటిలోగా వాడాలో కూడా రాయాలి.

మాటల జాగ్రత్త: ‘మొటిమలు నయం చేస్తుంది’ అంటే అది మందు అవుతుంది, సౌందర్య ఉత్పత్తి కాదు. ‘ప్రకృతి సిద్ధం’, ‘పర్యావరణ హితం’ అని ఊరికే రాసుకోవడమూ కుదరదు. రుజువుల్లేని హరిత ప్రచారాన్ని అడ్డుకునేందుకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు తెచ్చింది.

రుణం: ఉద్యమ్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉచితం. దళారులకు డబ్బు ఇవ్వొద్దు. ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50 వేల రూపాయల వరకు రుణం దొరుకుతుంది. తయారీ యూనిట్లకు ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం ఉంది. ప్రాంతాన్నీ కేటగిరీనీ బట్టి 15 నుంచి 35 శాతం వరకు రాయితీ ఇస్తూ వచ్చారు. దరఖాస్తుకు ముందు జిల్లా పరిశ్రమల కేంద్రంలో తాజా నిబంధనలు కనుక్కోండి.

వ్యాపారం కాకపోతే ఉద్యోగం

అందరూ వ్యాపారం చేయాల్సిన పనిలేదు. సబ్బులు, షాంపూలు, క్లీనర్లు తయారుచేసే సంస్థల్లో రకరకాల డిగ్రీలవారికి చోటుంది.

- బీఎస్సీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ: ఫార్ములేషన్, నాణ్యత పరీక్షలు, ఉత్పత్తి పర్యవేక్షణ.
- మైక్రోబయాలజీ: ఉత్పత్తిలో క్రిముల పరీక్ష, ప్రిజర్వేటివ్ సరిపోయిందో లేదో తేల్చడం.
- బీఫార్మసీ, ఎంఫార్మసీ: సౌందర్య ఉత్పత్తుల అభివృద్ధి, లైసెన్సులు చూసే రెగ్యులేటరీ విభాగం.
- కెమికల్ ఇంజినీరింగ్: ల్యాబ్‌లో కిలో చేసినదాన్ని ప్లాంట్‌లో టన్ను చేయడం.
- బోటనీ, అగ్రికల్చర్: ముడిసరుకు సేకరణ, నాణ్యత, రైతులతో ఒప్పందాలు.
- బీకాం, బీబీఏ, బీఏ: ఖర్చుల లెక్కలు, సరఫరా, బ్రాండింగ్, తెలుగులో ప్రచార రచన.

ప్రత్యేకంగా చదవాలనుకుంటే నూనెలు, సర్ఫెక్టెంట్ల సాంకేతికతలో ముంబయిలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీకి పెద్ద పేరు. కాన్పూర్‌లోని హెచ్‌బీటీయూలో ఆయిల్ టెక్నాలజీ ఉంది. మన దగ్గర అనంతపురంలో జేఎన్‌టీయూకు చెందిన ఆయిల్ టెక్నలాజికల్ అండ్ ఫార్మాస్యూటికల్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. హైదరాబాద్‌లోని ఐఐసీటీలో నూనెలు, కొవ్వుల మీద ఏళ్లుగా పరిశోధనలు జరుగుతున్నాయి. సుగంధ, ఔషధ మొక్కలపై పనిచేసే సీమ్యాప్‌కు బోడుప్పల్‌లో కేంద్రం ఉంది. స్వల్పకాలిక కోర్సులు కావాలంటే ఉత్తర్‌ప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఎంఎస్‌ఎంఈ మంత్రిత్వ శాఖకు చెందిన ఎఫ్‌ఎఫ్‌డీసీ పరిమళాలు, సౌందర్య ఉత్పత్తులపై శిక్షణ ఇస్తుంది. ప్రకటనలు ఆయా సంస్థల వెబ్‌సైట్లలో చూసుకోవాలి.

రెజ్యూమెలో ఎలా చెప్పాలి?

‘ఇంట్లో షాంపూ చేశాను’ అని రాస్తే హెచ్‌ఆర్ నవ్వొచ్చు. అదే పనిని లెక్కతో చెబితే ఆగి చదువుతారు. ఇందుకో నోట్‌బుక్ పెట్టండి. ప్రతిసారీ తేదీ, దినుసుల బరువు, నీళ్ల కొలత, పీహెచ్ స్ట్రిప్ చూపిన అంకె, మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు రంగు, వాసనల్లో మార్పు, ఒక్కసారి వాడకానికి అయిన ఖర్చు రాయండి. విఫలమైనవి కొట్టేయొద్దు. పరిశ్రమలో దీన్నే బ్యాచ్ రికార్డు అంటారు. ఎనిమిది వారాల ఇలాంటి నోట్‌బుక్ ఉంటే రెజ్యూమెలో ప్రాజెక్టుగా నిజాయతీగా రాసుకోవచ్చు.

ఇంటర్వ్యూలో రాగల ప్రశ్నలు కొన్ని:

సబ్బుకూ డిటర్జెంట్‌కూ తేడా ఏంటి? సబ్బు కొవ్వు ఆమ్లాల సోడియం లేదా పొటాషియం లవణం, కఠిన జలంలో తెట్టు కడుతుంది. డిటర్జెంట్లలోని కృత్రిమ సర్ఫెక్టెంట్లు కఠిన జలంలోనూ పనిచేస్తాయి.

ప్రిజర్వేటివ్ ఎందుకు? నీరున్న ఉత్పత్తిలో క్రిములు పెరగకుండా. ‘ప్రిజర్వేటివ్ లేదు’ అనేది గొప్ప కాదు. అయితే నీరు ఉండకూడదు, లేదా వెంటనే వాడేయాలి.

స్టెబిలిటీ పరీక్ష అంటే? వేడి, తేమ, కాలం ప్రభావంతో ఉత్పత్తి రంగు, వాసన, చిక్కదనం, పీహెచ్ మారుతున్నాయేమో చూడటం. కడువుతేదీ దీని ఆధారంగానే నిర్ణయిస్తారు.

మీరు చేసినదానిలో ఏది విఫలమైంది, ఎందుకు? ఈ ప్రశ్నకు మీ నోట్‌బుక్కే సమాధానం. బట్టీ పట్టి వచ్చినవారు దీని దగ్గరే ఆగిపోతారు.

నెల రోజుల ప్రణాళిక

మొదటి వారం: ఏమీ మార్చొద్దు. గదిలో ఉన్న సబ్బులు, క్లీనర్ల జాబితా, ధర, ఎన్ని రోజులు వస్తున్నాయో రాయండి. లేబుళ్లు చదవండి.

రెండో వారం: శుభ్రం చేసేవాటితో మొదలుపెట్టండి. కెటిల్, కుళాయిలకు నిమ్మ ఉప్పు, సింకుకు వంట సోడా. చర్మం జోలికి ఇంకా పోవద్దు.

మూడో వారం: కుంకుడు లేదా శీకాయ, సున్నిపిండి.. ఒక్కదాన్ని మాత్రమే ఎంచుకుని పరీక్షించి వాడండి. రెండూ ఒకేసారి మార్చితే దురద వచ్చినా కారణం తెలియదు.

నాలుగో వారం: లెక్క చూసుకోండి. ఆదా అయినవి, మీకు పడినవి ఉంచుకోండి. మిగతావి కొట్లో కొనుక్కోండి. అందులో తప్పేమీ లేదు. టూత్‌పేస్ట్, సన్‌స్క్రీన్, క్రిమిసంహారిణులు ఎప్పుడూ కొన్నవే వాడండి.

నెలాఖరుకు మీ చేతిలో కొద్దిపాటి ఆదాతో పాటు ఒక నోట్‌బుక్ ఉంటుంది. ఒక దినుసు ఎందుకు పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో, ఎంత ఖర్చవుతుందో సొంతంగా తేల్చుకున్న అనుభవం అందులో ఉంటుంది. ఫార్ములేషన్ ల్యాబ్‌లో చేరినా, బ్యాంకులో చేరినా, సొంతంగా యూనిట్ పెట్టినా.. చెప్పిందల్లా నమ్మకుండా కొలిచి చూసే ఆ అలవాటు మీ వెంట వస్తుంది. దానికి నోటిఫికేషన్ కోసం ఆగక్కర్లేదు. ఈ ఆదివారమే మొదలుపెట్టొచ్చు.